పచ్చరంగు కింద కోడి

బోస్నియా కొండల్లో ఒక చిన్న ఊరు. యుద్ధం ముగిసి పాతికేళ్ళు దాటింది. పాత సామాన్లకు కొత్త రంగులు వేసి బతికే మెవ్లిదా, సగం గీకిన వంటింటి అలమరా ముందు నిలబడి ఉంది. దాన్ని ఇచ్చిన పక్కింటి ముసలాయన ఓబ్రెన్, ఆమె పిలవగానే వచ్చాడు.

"ఈ కోడికి కాళ్ళెన్ని, బాబాయ్?"

"ఏ కోడికమ్మా?"

"తలుపు లోపలివైపు. కళ్ళజోడు పెట్టుకుని చూడు."

"మూడు... మూడున్నట్టున్నాయి. ఎవడో తాగి వేసుంటాడు."

"తాగలేదు. ఏడేళ్ళ పిల్ల వేసింది. తోక బరువెక్కువైంది, పడిపోతుందేమోనని మూడో కాలు పెట్టింది."

"నీకెలా తెలు—"

"నేనే వేశాను కాబట్టి! అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. నాన్న మాత్రం చెరపనివ్వలేదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ తలుపు తీసి చూపించేవాడు. నీకూ చూపించాడు."

"కాఫీ ఉందా, అమ్మాయ్?"

"లేదు. పైన తెల్లరంగు, దాని కింద పచ్చరంగు, ఆ కింద నా కోడి. పచ్చరంగు ఎవరు వేశారు?"

"సంతలో కొన్నాను. అప్పటికే—"

"మొన్న మీ మరదలి పుట్టింటిదన్నావు."

"అన్నానా?"

"అన్నావు. ఇవాళ సంతంటున్నావు. రేపు ఆకాశంలోంచి ఊడిపడిందంటావు."

"సరే. పచ్చరంగు నేనే వేశాను."

"మా ఇంట్లోంచి ఎప్పుడు తెచ్చావు? ఇల్లు కాలకముందా?"

"ముందే. కాలాక ఏముంటుంది, బూడిద."

"అంటే నాన్న ఇంట్లో ఉండగానే?"

"మెవ్లిదా, నువ్వు కాస్త కూర్చో."

"కూర్చోను. అమ్మనీ నన్నూ ముందు పంపించేసి, వెనకే వస్తానన్నాడు. రాలేదు. ఎక్కడ ఎముకలు బయటపడ్డా సరిపోల్చుకుంటారని రక్తం ఇచ్చొచ్చాను. ఏటా జూలైలో, ఆనవాలు దొరికినవాళ్ళని పూడ్చేముందు పచ్చగుడ్డ కప్పిన శవపెట్టెలు వరసగా పెడితే, అమ్మ ఒక్కో పేరూ చదువుకుంటూ నడిచేది. చదువుతూ చదువుతూనే పోయింది. నాకు కావాల్సింది ఒక్క పెట్టె, బాబాయ్. ఒక్కటి. నువ్వేమో గోడ అవతల మా అలమరాలో చక్కెర దాచుకుంటూ కూచున్నావు!"

"చక్కెర దాచలేదు. ఏమీ పెట్టలేదు అందులో. ఇన్నేళ్ళూ ఖాళీగానే—"

"దొంగ."

"అను."

"దొంగవి! ఆ చేతుల్తోనే నన్నెత్తుకు తిప్పావు."

"అనమ్మా. అన్నీ అనేశాక ఒక్కటి చెప్పు. పాత సామాను తెచ్చేవాళ్ళు నీకేం చెప్తారు?"

"పైన కొత్త రంగు కొట్టమంటారు."

"నేనేం చెప్పాను?"

"చెక్క కనపడేదాకా గీకమన్నావు. లోపలా బయటా. ఒక్క పొర కూడా మిగలకూడదని... నువ్వు... కావాలనే ఇచ్చావా?"

"నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది. మా త్రిఫ్కో పోయిన నలభయ్యో రోజు ఆదివారం అయింది. సోమవారం తెచ్చి నీ వాకిట్లో పెట్టాను."

"మీ తమ్ముడికీ మా అలమరాకీ ఏంటి సంబంధం?"

"వాడే, మావాళ్ళ దండులో చేరి, తుపాకీతో కాల్చాడు. మీ వంటింట్లోనే. నేను వెళ్ళేసరికి అయిపోయింది."

"నాన్ననా?"

"నోరు తెరిస్తే నన్నూ పక్కనే పడుకోబెడతానన్నాడు. తర్వాత యుద్ధం అయిపోయింది. నా భయం అవలేదు. పైగా తమ్ముడు కదా అని కూడా... అబద్ధమెందుకు."

"నాన్నని ఏం చేశారు?"

"అప్పటికే లారీ వస్తోంది. చంపినవాళ్ళందర్నీ తీసుకెళ్ళి ఒకే గోతిలో తోసేస్తున్నారు. అది వచ్చేలోపు నేను తీసుకెళ్ళిపోయాను, చేతిబండి మీద. ఆ అలమరా వెనక్కి తిప్పు."

"ప్లైవుడ్ కొట్టావు. అడ్డదిడ్డంగా."

"అసలు అక్కడ అయిదు పలకలుండేవి. మీవాళ్ళు మనిషిని గోతిలోకి దించాక, ఒంటి మీద మట్టి పడకుండా పలకలు ఏటవాలుగా పేరుస్తారుగా. మీ తాతని దించినప్పుడు పక్కనే ఉండి చూశాను. ఎన్ని కావాలో తెలీదు. ఉన్న అయిదూ ఊడపీకాను. వెనక లేని అలమరా అక్కడే వదిలేస్తే త్రిఫ్కోకి అనుమానం వస్తుంది. దోచుకుపోయాడనుకోనీ అని ఇంటికి లాక్కుపోయాను. అందరూ అలాగే అనుకున్నారు."

"ఎక్కడ?"

"ముందురోజే మా అమ్మ పోయింది. ఆవిడకి తవ్విన గొయ్యి సిద్ధంగా ఉంది. ఇంకో మనిషి లోతు తవ్వాను. కింద మీ నాన్న, పైన మా అమ్మ."

"మీ శ్మశానంలోనా? సిలువ కిందా?"

"అక్కడైతే ఎవడూ వెతకడు. పొద్దున టౌనుకెళ్ళి పోలీసులకి అంతా చెప్పేశాను. మా అమ్మని పైకి తీయడానికి సంతకం పెట్టాను. రేపు వస్తారు. నువ్వూ రావాలి."

"పలకలు... మొత్తం కప్పాయా?"

"పాదాలు కొంచెం బయటికొచ్చాయి. నా కోటు వేశాను."

"మరి ముఖం ఎటుంది, బాబాయ్? మావాళ్ళు కుడిపక్కకి వాల్చి మక్కా వైపు తిప్పుతారు."

"ఆ కంగారులో అది గుర్తు రాలేదు తల్లీ. మీ అమ్మా నువ్వూ వెళ్ళిన రోడ్డు వైపు తిప్పాను."