మంచుల మొలిచిన చెరుకు

బోధన్ బస్టాండ్ ముంగట అయ్యూబ్ చాయ్ హోటల్. మధ్యాహ్నం మూడు గంటలకు ఎమ్మెల్యే నామినేషన్ల గడువు అయిపోతది. ఎమ్మెల్యేకు నిలవడుతున్న ఆత్మారాంది ఎవరికీ తెలువని చిన్న పార్టీ. అసొంటోళ్ల కాయితం మీద ఇక్కడి ఓటర్లు పదిమంది సంతకం పెట్టాలె. ఇంకా ఇద్దరు తక్కువున్నరు. కాయితం నా ముందర పెట్టి, నాకు చాయ్ చెప్పి, ముచ్చట మొదలువెట్టిండు.

"పెన్ను పట్టుకో అవ్వ, నేనెవరో చెప్త. మొన్న కెనడా పోయిన కదా, అంటారియో అని ఒక రాష్ట్రం, ఆడ గూడ మన లెక్కనే ఎలక్షన్లు. నా అసొంటి చిన్న పార్టీ మనిషి, పాపం, ఒక్కడే చలిల ఇంటింటి ముంగట పేరు రాసిన బోర్డులు పాతుతుండు. నేను రెండు బోర్డులు మోసిన, గంతే."

"గంతే అయితే నమ్ముత" అన్నడు అయ్యూబ్, గ్లాసులు కడుక్కుంట.

"ఆగు భాయ్. మంచు పడి బోర్డులన్ని మునిగినయ్. నా సంచిల మన బోధన్ చెరుకు గడలుండె, వాటికి బోర్డులు కట్టి పాతిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా అవ్వ? తెల్లారేసరికి చెరుకు మంచుల ఏర్లు వట్టి మూడంతస్తులు లేసింది. విమానాలల్ల పోయెటోళ్లు గూడ ఆయన పేరు చదువుకుంట పోయిండ్రు."

"చలిల చెరుకు పెరుగుతదా బిడ్డా?" అన్న. నాకు నిజంగనే వింతనిపించింది.

"నేను నాటితే పెరుగుతది అవ్వ. ఇగ ఎలుగుబంట్లు రోడ్ల మీదికి వచ్చి చెరుకు తినవట్టె. జనం బయటికెళ్లరు, మరి ఓట్లెట్ల? ఒక్క కేకేసిన. ఎలుగుబంట్లన్ని లైను కట్టి, ముసలోళ్లను వీపు మీద ఎక్కించుకొని పోలింగుకు తీస్కపోయినయ్. డబ్బాలల్ల ఓట్లు గడ్డకడితే, ఈడికెల్లి ఫ్లాస్కుల కొండవోయిన చాయ్ పోసి కరగవెట్టిన."

"నా ఫ్లాస్కు కొండవోయింది నువ్వేనా?" అన్నడు అయ్యూబ్.

"లెక్కవెడితే ఆ రాష్ట్రంల మనుషులకంటె ఆయన ఓట్లే ఎక్కువ. నువ్వే ముఖ్యమంత్రి గావాలె అని నా కాళ్లు వట్టుకున్నరు. వద్దన్న. నా బోధన్ నాకు గావాలె అన్న."

నేను కాయితం దగ్గరికి జరుపుకొని, వేలు వెట్టి ఒక్కో పేరు కూడుకొని చదివిన. ఎనిమిది. మళ్లొకసారి చదివిన.

"బిడ్డా, మీ సుమన పేరు లేదేంది? నీ భార్యకు గూడ ఈడనే ఓటున్నది కదా."

ఆత్మారాం చాయ్ గ్లాసులకు చూసిండు. "ఆమె... పొద్దుగాలనే ఇండిపెండెంట్ ఎర్రన్న కాయితం మీద పెట్టింది అవ్వ."

అయ్యూబ్ గ్లాసులు కడుగుడు ఆపిండు.

"ఒక్కరు రెండు కాయితాల మీద పెట్టినా చెల్లుతది, పోయి బతిమాలుకో" అన్న నేను. " తొమ్మిదోది ఆమెది, పదోది నాది. నేనీడనే కూసుంట."

ఆత్మారాం గడియారం చూసిండు. ఇంటి తొవ్వ దిక్కు చూసిండు. కాయితం మెల్లగ మడిచి జేబుల పెట్టుకున్నడు.

"వద్దు తియ్యి అవ్వ. ఇప్పుడొచ్చే బస్సు దిగెటోళ్లల్లనే ఇద్దర్ని సూసుకుంట."