హేమచంద్ వద్దన్న స్టాఫ్ టికెట్

ఇంత వానలో అత్లోన్ దాకా వచ్చిన మీ అందరికీ, డబ్లిన్ నుంచి వచ్చిన హేమచంద్ సహోద్యోగులకు నమస్కారం. నా పేరు పురుషోత్తం. కాజిల్‌బార్ ఆసుపత్రిలో డాక్టర్ని. ఏటా ఈ హాల్లో మనం ఉగాది చేసుకుంటాం. కుర్చీలు వేసేది హేమచంద్, మైకు సర్దేది హేమచంద్. ఇవాళ కుర్చీలు మనమే వేసుకున్నాం. ముందు వరసలో ఆయన భార్య మధులిక గారు, కూతురు సహస్ర ఉన్నారు. ఆయన మాత్రం ఫోటోలో ఉన్నారు. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నలభై నాలుగేళ్ళు! మంగళవారం పొద్దున డబ్లిన్ విమానాశ్రయంలో, తన చెకిన్ కౌంటర్ దగ్గర, ఎవరికో బోర్డింగ్ పాస్ ఇస్తూ పడిపోయారు. అంబులెన్స్ ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. ఇలాంటి కబురు నేను ఎన్ని కుటుంబాలకు చెప్పానో! ఆ రోజు నాకు చెబితే మాత్రం "ఏ హేమచంద్?" అని అడిగాను. మనకు ఇంకో హేమచంద్ ఉన్నాడా?

మిత్రులారా, రెండేళ్ళ కిందట లిస్బన్ నుంచి మూడు కుటుంబాలం కలిసి వస్తున్నాం. విమానంలో ఏదో లోపం, ఏడు గంటలు ఆలస్యం. నేను కౌంటర్ అమ్మాయి మీద కేకలేస్తున్నాను. హేమచంద్ నా భుజం మీద చెయ్యేసి, "ఆ పిల్ల ఏం చేస్తది సార్? ఆలస్యం ఎందుకైందో కాగితం మీద రాసిమ్మనండి. దిగినాక తలుపు తెరిచిన టైముకు ఫోటో తీయండి, ఎంత ఆలస్యమో లెక్క ఆ టైముతోనే" అన్నారు. మా అందరి ఫారాలూ ఆయనే నింపారు. అందరికీ నష్టపరిహారం వచ్చింది.

ఆ రోజు భోజనం కూపన్లు కూడా ఇచ్చారు. మేం వేడి వేడి సూప్ తాగుతుంటే ఈయన డబ్బా విప్పి చల్లారిన చపాతీలు తిన్నారు. పిసినారి అనుకున్నాను. అవును, అనుకున్నాను! ఆయనది స్టాఫ్ టికెట్ అని తర్వాత తెలిసింది. బయటివాళ్ళకు దొరకని రేటుకు ఉద్యోగులు కొనుక్కునే టికెట్ అది. దానికి కూపన్ లేదు, పరిహారం లేదు. అన్యాయం కదా అంటే, "రూలు రూలే సార్. ఆ హక్కు వదులుకునే ఈ రేటుకొచ్చిన" అని నవ్వారు.

ఇక నా తప్పు చెప్పాలి. మధులిక గారూ, మీ ముందే చెప్పాలి. పోయినేడు ఎడిన్‌బరోలో నాకు పరీక్ష. ఉద్యోగులు స్నేహితులకు కూడా ఆ చౌక టికెట్ ఇప్పించవచ్చని విని అడిగాను. మనలో ఆయన్ని అడగనిదెవరు? ఆయన ఇవ్వలేదు. "ఆగిపోకూడని ప్రయాణానికి స్టాఫ్ టికెట్ వద్దు సార్. సీటు మిగిల్తేనే ఎక్కిస్తరు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మన వాట్సాప్ గ్రూపులో, అందరూ చూసేలా, "మనవాడు ఎయిర్‌లైన్‌లో ఉండి ఏం లాభం?" అని రాశాను. కింద మీలో కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆయన పెట్టిన జవాబు ఒక్కటే, "గ్రాండ్ సార్." ఇక్కడివాళ్ళు 'పర్లేదు, సరే' అనడానికి వాడే మాట.

మామూలు టికెట్ కొనుక్కుని వెళ్ళాను. ఆ విమానం రద్దయింది. టికెట్‌కు హక్కుంది కాబట్టి రెండు గంటల్లో ఇంకో విమానంలో కూర్చోబెట్టారు. పరీక్ష రాశాను, పాసయ్యాను. ఆయనకు ఆ మాట చెప్పానా? లేదు. క్షమించమన్నానా? అదీ లేదు. ఉగాదికి కలిసినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఉగాదికి కలిశాం కూడా. సిగ్గేసి ఊరుకున్నాను.

మొన్న శుక్రవారం ఆయన సహోద్యోగి యోనా గారు మంచి మనసుతో, ఆయన భౌతికకాయం వెంట సొంతూరు వెళ్ళడానికి తల్లీకూతుళ్ళకు స్టాఫ్ టికెట్లు ఏర్పాటు చేస్తామన్నారు. ఖర్చు కలిసొస్తుందని మేమంతా తలలూపాం. ఆ యోనా గారే మెల్లగా అన్నారు, "సీటు ఉంటేనే సుమండీ." అప్పుడు తెలిసొచ్చింది నాకు. శవపేటికకు చోటు ఖాయం. అది ఖమ్మం బయలుదేరుతుంది. సీటు లేకపోతే భార్యా, బిడ్డా ఇక్కడ గేటు దగ్గర నిలబడిపోతారు. ఇన్నేళ్ళుగా ఆయన చెప్పింది ఇదే కదా? మనకెందుకు ఎక్కలేదు?

నిన్న అదే విమానానికి ఇద్దరికీ మామూలు టికెట్లు తీసుకున్నాం. మధులిక గారు, "వద్దన్నయ్యా, మీకెందుకు భారం" అన్నారు. అమ్మా, ఇది నేను పెట్టిన ఖర్చు కాదు, ఆయన నాకు చెప్పిన మాట. ఇది ఆగిపోకూడని ప్రయాణం.

సహస్రా, తల్లీ, విమానం దిగేటప్పుడు తలుపు తెరిచిన టైముకు ఫోటో తియ్యి. మీ నాన్న నేర్పిందే. ఆలస్యమైతే ఈసారి అడిగే హక్కు మీకుంది. ఫారం నేను నింపుతాను.

హేమచంద్, నన్ను క్షమించు.

దయచేసి అందరూ లేవండి. ఆ వాట్సాప్ మాటకు నవ్విన మనం కూడా లేద్దాం. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఆయన ముందు నిలబడదాం.