మూడు కొండల అవతలి సుత్తి చప్పుడు

"మంచు కమ్ముకొస్తోంది ప్రొఫెసరు గారూ, కొండ మీదికి పోయిన మీ కాలేజీ పిల్లలిద్దరూ ఇంకా దిగలేదు" అంది సారాకొట్టు యజమానురాలు వేత, మొక్కజొన్న సంకటి గెలుకుతూ.

"వేతమ్మా, రాళ్లు చదివే పిల్లల్ని కొండకు పంపడం నాకు కొత్తా? ఒంటరిగా తిరిగి వాళ్లే నేర్చుకోవాలి. ఆపదొస్తే నేనున్నాగా!" ప్రొఫెసరు తైబెరియు ఫోను ఆపేసి జేబులో పడేశాడు. "కథ మధ్యలో ఇది మోగితే నాకు చిరాకు. వినండి. నిరుడు ఇలాగే ఒకబ్బాయికి కాలు బెణికింది. నేనిక్కడే, ఈ బల్ల దగ్గరే, త్సుయికా సారా తాగుతున్నా. మూడు కొండల అవతల టక్కుమని సుత్తి చప్పుడు! విన్నా. కొట్టింది సున్నపురాయిని. కొట్టింది ఎడంచేత్తో. అంటే కుడిచెయ్యి ఖాళీ లేదు, కాలు పట్టుకునుంది, అంటే బెణికింది!"

"చెవులా అవి, చేటలా?" అన్నాడు పోస్ట్‌మన్ నికోరా.

"నవ్వు, నవ్వు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క పరుగున పోయి వాణ్ణి వీపున వేసుకున్నానా, ఎదురుగా బండ కింద ఎలుగుబంటి! మా పనిలో ఒక రూలుంది, నెత్తిన హెల్మెట్ లేనిదే ఎవరూ బండ కింద నిలబడకూడదు. ఎలుగైతే మాత్రం? నాది తీసి దానికి పెట్టా. సిగ్గుపడి తలొంచుకుంది పాపం. పిల్లాణ్ణి దాని వీపు మీదికి మార్చేసి, 'నువ్వు ముందు నడువు, జారుడు చూసుకో' అన్నా."

"హెల్మెట్ తిరిగిచ్చిందా?" అడిగాడు నికోరా.

"చలికాలం పోయాక ఇస్తానంది."

బయట ఎక్కడో సన్నగా ఈల వినిపించింది. వేత గరిటె ఆపింది. "ఏంటది?"

"పిట్ట. మగది. జలుబు చేసినట్టుంది" అన్నాడు ప్రొఫెసరు. వేత వెనక తలుపు తీసుకుని బయటికి పోయింది.

"పోనీ, నువ్వు విను నికోరా. అప్పుడే పైనుంచి చర్చంత బండ దొర్లుకుంటూ వచ్చింది. భుజం అడ్డం పెట్టా. ఆగింది. 'పిల్లాడు దిగేదాకా కదిలావో, జాగ్రత్త!' అని గదమాయించా. ఇవాళ్టికీ అలా గాల్లోనే ఉంది, నా అనుమతి కోసం చూస్తోంది!"

తలుపు తెరుచుకుంది. వేత వెనక గొర్రెల కాపరి గవ్రిలా, అతని భుజమ్మీద వాలి కుంటుతూ విద్యార్థి సోరిన్, ఒళ్లంతా బురదతో రెండో విద్యార్థి ఇలింకా, అందరికంటే వెనక గవ్రిలా కుక్క. ప్రొఫెసరు గ్లాసు దించాడు.

"ఏమైందమ్మా? ఫోన్ చెయ్యలేదే?"

"చేతులు నొప్పెట్టేదాకా చేశాం సార్. ఆపేసి ఉంది. ఆపదలో ఊదమని మీరు నేర్పినట్టే నిమిషానికి ఆరుసార్లు ఈల కూడా ఊదాం. సోరిన్ జారిపడ్డాడు. నాకు చచ్చేంత భయమేసింది." ఇలింకా మొహం మీది బురద తుడుచుకుంది.

"ఎక్కడ?"

"ఈ కొట్టు వెనక వాగులో."

"గాలి అటు వీస్తోందనుకుంటా..."

"మీరు రోజూ చెప్పే కథలో మూడు కొండలు దాటొచ్చే చప్పుడుకి ఈ ఒక్క గోడ అడ్డమొచ్చిందా సార్?" ఇలింకా వంగి కుక్క మెడ నిమిరింది. "ఇది విని పరిగెత్తుకొచ్చింది. రేపట్నుంచి మాకు గైడు ఇదే. మీరు ఆ ఎలుగుబంటిని చూసుకోండి."

వేత సంకటి వడ్డించి, ప్రొఫెసరుకు ఇవ్వాల్సిన పళ్లెం కుక్క ముందు పెట్టింది.