గురవమ్మ బొటనవేలికి కట్టిన వలదారం

గురవమ్మ జెల్లచేపలు కోస్తా ఉంటే ముల్లు దిగిందంట, కుడిచేతి బొటనవేల్లో. జెల్లముల్లు సంగతి మీకు నేను చెప్పాలా, పీకేసినా మంట పోదు. వాళ్ళత్త ఎల్లయమ్మ ఏం చేసిందనుకున్నారు? మనందరం చేసేదే. విషం పైకెక్కకూడదని వలదారం తెచ్చి వేలి మొదట్లో బిగించి కట్టేసింది. తెల్లారేసరికి ఏమైందంటే, వేలు నీలంగా, చల్లగా, చచ్చిన చేపలాగా ఉందంట. గిల్లినా తెలీదు. బొటనవేలు పోతే చేప కోసేదెట్టా, వల అల్లేదెట్టా, అన్నం కలుపుకునేదెట్టా? ఆస్పత్రికి ఒకటే పరుగు. వెనకాలే అత్త.

నర్సమ్మ చూసి కేక పెట్టిందంట, "ఈ వేలికి ఉరేసిందెవరే!" అని. అత్త నేలచూపులు. కత్తెరతో దారం టక్కున కోసేసింది నర్సమ్మ. కోసిందా, ఇంక చూడు, వేలు ఎర్రగా కాలిపోతా వంకాయంత ఉబ్బింది. "విషం ఎక్కేసింది! నా కోడల్ని చంపేశావు గదమ్మా!" అని అత్త గోల. "అరవకు పిన్నీ, వచ్చింది విషం కాదు, కాపలావాళ్ళు" అందంట నర్సమ్మ. మన నెత్తుట్లో తెల్లకణాలని ఉంటాయంట. నెత్తురుతో పాటు కొట్టుకుపోతా ఉంటాయనుకో, ముల్లు దిగిన చోటికి రాగానే రక్తనాళం గోడ వాటిని పట్టుకుంటదంట. గోడెంబడి దొర్లి దొర్లి, అతుక్కుని, ఆగిపోతాయి. "ఆగి? గోడకి చిల్లు పెడతాయా?" అంది గురవమ్మ హడలిపోయి. "చిల్లెందుకే? పాములా నున్నగుండే మలుగుచేప వల కన్నులోంచి జారిపోదూ? అట్టాగే ఒళ్ళు సన్నం చేసుకుని గోడ అతుకుల్లో దూరి కండలోకి పోతాయి, ముల్లుతో దూరిన క్రిముల మీదికి. మీరేమో దారం కట్టి దారే మూసేశారు. దొంగలు లోపల, కాపలా బయట." గురవమ్మ ఎడంచేత్తో నెత్తి కొట్టుకుంది. రాత్రంతా ఆ ముడి ఊడకుండా పట్టుకు కూర్చున్నది తనే గదా.

ఆ తర్వాత వేలు గడ్డ కడితే నర్సమ్మ కోసింది, చీము వచ్చిందంట. గురవమ్మ ఛీ అని మొహం తిప్పుకుంది. "ఛీ అంటావేం? ఆ కాపలావాళ్ళే అది. నీ వేలి కోసం చచ్చినోళ్ళు" అంది నర్సమ్మ. గురవమ్మ చీము తుడిచిన దూది మీదికి వంగి చూసిందంట. "ఇంతమందా?" అందంట.

వేలు దక్కిందిలే, కొన కాస్త మొద్దుబారింది. అత్త మాత్రం ఎవరికి ముల్లు గుచ్చుకున్నా దారం కోసమే లేస్తది, గురవమ్మ కత్తెర తీసుకుని లేస్తది. నవ్వుతావేం కోటమ్మా? ఏదీ, పొద్దున ముల్లు దిగిందని కొంగు కింద దాచిన ఆ చెయ్యి ఇట్టా పెట్టు. ఓసి నీ తెలివి తెల్లారా! కథంతా విని, ఆ దారం ఇంకా వేలికే ఉంచుకున్నావటే! కత్తెర తెండే ఎవరన్నా!