కుట్టుకు వదిలిన బట్ట

ఉంది సార్, మీ ప్యాంటు వదులు చెయ్యనీకి లోపల బట్ట ఉంది. ఎందుకుండదు? గోపాలు కుట్టిండంటే రెండు వేళ్ళ మందం బట్ట లోపల దాచిపెట్టే కుడతడు. మీ నడుం మీద మీకు నమ్మకముంటదేమో గాని నాకుండదు.

ఆ స్టూలు మీద కూచోండి. లుంగీ మా నాయనదే, ఉతికిందే. సిగ్గెందుకు సార్? కెమిస్ట్రీ లెక్చరర్ లుంగీ కడితే ఏమన్న పేలుతదా? పరదా వేసిన గదా, బస్టాండోళ్ళకు మీరు కనపడరు. హైదరాబాదు బస్సుకు ఇంకా టైముంది. జర కుట్టు విప్పనీయండి.

ఇగో, చూసిండ్రా? పైన ప్యాంటు వెలిసిపోయింది గాని లోపల కొత్త రంగు కొత్తగనే ఉంది. గిట్ల బట్ట వదిలినందుకే గదా సార్, మొన్న ల్యాబుల అందరి ముందట నన్ను చూసి నవ్విండ్రు?

లేదు లేదు, కోపమేం లేదు. కోపముంటే బ్లేడు పట్టుకొని మీ ప్యాంటు ముందట కూచుంటనా?

తెల్వక అడుగుతున్న, ఆ పోటీ పెట్టమని మిమ్మల్ని ఎవరడిగిండ్రు? దేంట్ల ఏమున్నదో చెప్పే ఆ ఎన్ఎంఆర్ మిషనేమో హైదరాబాదుల ఉండె. ఈడ భద్రాచలంల నాకు తెలిసిన మిషను ఇగో ఈ కుట్టు మిషనొక్కటే. చక్కగ నోట్సు చెప్తే బట్టీ కొట్టి రాసి పడేసేటోళ్ళం. అట్ల కాదు, చేతులతోటి చేసి నేర్చుకోవాలె, ముగ్గురు ముగ్గురు టీములు కట్టండి అన్నరు. గెలిచినోళ్ళను తీసుకపోయి ఆ మిషను చూపిస్తనన్నరు.

ఆ ఒక్క మాట అనకపోయినా బాగుండు సార్. మా క్లాసు పిల్ల నాగక్క దాన్నే పట్టుకున్నది.

ఎందుకు పట్టుకోదు? పోటీకని మీరిచ్చిన ఆ చార్టు ఎవరి నూనెది? వాళ్ళమ్మ అడవిల ఇప్ప గింజలేరి తీసిన నూనె. సీసాల పోసి, మూతికి గుడ్డ చుట్టి, బస్సుల ఒళ్ళె పెట్టుకొని మీకు తెచ్చిచ్చింది ఆ పిల్లనే. మీరేమో దాన్ని హైదరాబాదు పంపిస్తిరి. బరువు తెలిసిన మందొకటి దాంట్ల కలిపి, సన్న గాజుగొట్టంల పోసి, పెద్ద అయస్కాంతం నడుమ గిరగిర తిప్పిండ్రట. కాయితం మీద గుట్టలు గుట్టలుగ గీత వచ్చింది. మీరు దాన్ని పీక్ అంటరు. మాకు గుట్టే.

వాళ్ళమ్మ నమ్మలేదట సార్. నా నూనె అయస్కాంతంల తిరుగుడేందే, ఎవడో నిన్ను ఆట పట్టించిండు అన్నదట. నేను కండ్లార చూసొచ్చి చెప్తనే అమ్మా అని ఈ పిల్ల మాటిచ్చింది.

కాలు మీద కాలేసుకోకండి సార్, లుంగీ జాగ్రత్త.

ఆఁ, ఏడున్న? పోటీ. ఒక గుట్ట మందుది, ఒక గుట్ట నూనెది. మందు గుట్టకు నూనె గుట్ట ఎన్నింతలున్నదో తేలిస్తే, గొట్టంల నూనె ఎంత పోసిండ్రో చెప్పొచ్చన్నరు. మరి గుట్టను ఎట్ల కొలవాలె? కత్తెరతోటి కోసుడు, అద్దాల పెట్టెల తక్కెడ మీద ఆ కాయితం ముక్కను తూచుడు! గింత పెద్ద సైన్సు తిరిగి తిరిగి కత్తెర కాడికే వచ్చిందా అని నేనెంత సంబరపడ్డనో! ఆ పొద్దు క్లాసంత నా ఎంబడే పడ్డది. మా టీముల రా అంటే మా టీముల రా అని. నాగక్క మొదలు అడిగింది, నేను అవ్ అన్న.

తూకానికి వేంసూరు హైమ. తక్కెడ ముందట ఊపిరి గూడ తియ్యదు ఆ పిల్ల. లెక్కకు నాగక్క. కత్తెరకు నేను. ఇంకేం కావాలె సార్? నేనైతే మనసుల అప్పుడే హైదరాబాదు బస్సెక్కిన.

ఇంక కోసిన. ఏం కోసిన సార్, మా నాయన చూస్తే మెచ్చుకునేటోడు! గీత కనపడంగనే చెయ్యి దానికదే అర వేలు బయటికి జరిగింది. చుట్టూ ఒక్కతీరుగ, ఎక్కడ ఎక్కువ లేదు, ఎక్కడ తక్కువ లేదు. మీసాలు రాకముందు నుంచి కోస్తున్న గదా, చెయ్యి నన్నడిగి కోస్తదా? వంపుల కాడ కుట్టు మంచిగ కూచోవాలెనని గాట్లు గూడ పెట్టిన. కాయితానికి గాట్లు!

నవ్వండి సార్, నవ్వండి. అప్పుడు నవ్వంగ మిగిలింది ఇప్పుడు నవ్వండి.

చంటిపిల్ల చొక్కాకు, మీ ప్యాంటుకు ఒకటే కొలత బట్ట వదిలితే ఏమైతది? పిల్ల చొక్కా సంచి అయితది, మీ ప్యాంటుకు ఏం తేడా తెల్వది. గట్లనే అయింది. మందు గుట్ట సన్నది, ఒక్కసారే బలిసింది. నూనె గుట్ట లావుది, దానికి ఆనలేదు. నాగక్క లెక్క ఒక్క అంకె తప్పు పోలే. కాని ఆఖరుకు నూనె తక్కువ తేలింది. బసవపున్నయ్య టీము గెలిచింది.

మీరు మా ముక్కలు తీసి చార్టు మీద పెట్టి చూపిచ్చిండ్రు. చుట్టూ తెల్ల అంచు, పంచెకున్నట్టు. క్లాసంత విరగబడి నవ్విండ్రు. హైమ ఓణీ నోట్లె కుక్కుకొని మరీ నవ్వింది, మా టీముదై ఉండి! మీరైతే కండ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. నాగక్క ఒక్కతే నవ్వలే.

"అన్నా, సంతల షావుకారి తక్కెడ గూడ మా నూనెను గిట్లనే తక్కువ చూపిస్తది" అన్నది. మెల్లగనే అన్నది. నన్ను తిట్టినా బాగుండు. ఏడుపొచ్చింది సార్, గడ్డం మీసం పెట్టుకొని ఏడిస్తే ఏం బాగుంటదని దగ్గిన.

మీరు చూసిండ్రు గదా, తర్వాత ఏం చేసిందో? నా చేతిలకెల్లి కత్తెర గుంజుకొని, అవే ముక్కలను గీత మీదికి తనే సరిగ్గ కోసింది. హైమతోటి మళ్ళ తూయించింది. లెక్క చేసింది. ఏమొచ్చింది? బసవపున్నయ్య వాళ్ళ కన్నా దగ్గరగ వచ్చింది! మీరే తల ఊపిండ్రు. ఊపి, "కరెక్టే గాని టైమైపోయిందమ్మా" అన్నరు. నేర్చుకునుడే ముఖ్యం, గెలుపు కాదన్నరు. గట్లయితే నేర్చుకున్నోళ్ళను తీసుకపోవాలె గదా సార్, గెలిచినోళ్ళనెందుకు?

ఊఁ... చేతులెత్తండి, నడుం చూసుకుంట. అయ్యో, టేపు చివరిదాక వస్తాంది.

నా గురించి అడుగుతలేను. నన్ను తీసుకపోతే ఆ అయస్కాంతం నా సూదులన్నీ గుంజుకుంటది. హైమ గూడ ఎట్లయినా ఎన్నడో ఒకనాడు చూస్తది, వాళ్ళకు హైదరాబాదుల చుట్టాలున్నరు. ఇయ్యాల బసవపున్నయ్య వాళ్ళతోటి నాగక్క ఒక్కదాన్ని తీసుకపోండి. తప్పు నా చెయ్యిది, ఆ పిల్లది కాదు.

ఏందీ?

ముగ్గురికే పర్మిషనా.

అవ్ సార్, రూలు రూలే. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతరు. నిజమే. నేను గూడ గట్లనే అనుకొని మీ ప్యాంటు గీత మీదనే కోసుంటే ఇయ్యాల ఏం కట్టుకొని పోయేటోళ్ళు?

ఊకోండి, ఊరికే అన్న. మిషను తొక్కుతాంటే నోరు దానంతటదే ఆడతది.

ఇగో అయిపోయింది. పరదా ఎనక తొడుక్కోండి. ఊపిరి బిగబట్టకండి సార్, వదలండి. పట్టిందా? గుండీ పెట్టుకోండి. మంచిగ కూచుంది చూడండి, కొత్తదాని లెక్క.

బస్టాండుల నాగక్క కనపడ్తది. ఊరి బస్సు కోసం ఎదురుచూస్తాంది. మీరేం చెప్పకండి. సార్‌ను నేనడుగుతనని మాటిచ్చిన, అడిగిననని నేనే చెప్పుకుంట. వాళ్ళమ్మకు ఏం చెప్పుకుంటదో ఆ పిల్లే చూసుకుంటది.

పోయిరండి. హైదరాబాదుల భోజనాల కాడ మాత్రం జర చూసుకోండి సార్. లోపల ఇంక బట్ట లేదు. ఉన్నదంత మీకే ఇడిచిపెట్టిన.