విప్పేసిన రేకులు

ఆ రోజు ఇంట్లో అమ్మ, తాతయ్య, నాన్న, బాబాయి, నేను ఉన్నాం. ముందురోజు తాతయ్య నడుపుతున్న పడవ రేవు గోడకు గుద్దుకుని అమ్మ చెయ్యి విరిగింది. పెరటి షెడ్డులో బాబాయి ఆ పడవ ఇంజను చూస్తున్నాడు, పక్కనే నాన్న ఉన్నాడు. వాళ్లకు టీ తీసుకెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

“అన్నయ్యా, ఇంజను నీళ్లు చిమ్మే మూతికి అటూ ఇటూ నేను బిగించిన రేకులేవి?”

“ఏ రేకులు?”

“ఏ రేకులంటావేంటి! దీనికి నీళ్లలో తిరిగే పంకా లేదు, చుక్కాని లేదు. ఇంజను వెనక్కి చిమ్మే నీళ్ల జోరుతోనే పడవ తిరుగుతుంది. రేవు దగ్గర వేగం తగ్గిస్తే ఆ జోరుండదు. అప్పుడు పడవను తిప్పేది ఆ రేకులే కదా!”

“విప్పేశాను.”

“ఏంటీ?”

“మొన్న. అవుంటే పడవ పరుగెత్తట్లేదురా.”

“నాన్నకి చెప్పావా?”

“మర్చిపోయాను.”

“ఓరి దేవుడా! ఆయన పొద్దున్నుంచీ తన చేతులే చూసుకుంటున్నాడు. అవే వణికాయేమోనని, ఇక పడవ ముట్టనంటున్నాడు!”

“డెబ్బై దాటాయిగా. మాననీ.”

“నువ్వసలు మనిషివేనా? నలభై ఏళ్లు నడిపాడాయన! వెళ్లి నిజం చెప్పు.”

“చెప్తే మీ వదిన ఇక నా మొహం చూస్తుందా?”

బాబాయి మళ్లీ ఇంజను మీదకి వంగాడు. నేను తాతయ్య దగ్గరికి వెళ్దామని కదిలాను. గ్లాసులు గలగలలాడాయి. ఇద్దరూ తలెత్తారు.

“ఏం విన్నావే?” అన్నాడు నాన్న.

బాబాయి వైపు చూశాను. అంతసేపూ నాన్నను తిట్టిన బాబాయే లేచి వచ్చి, నా ముఖం మీద తలుపు వేశాడు.