రెండో రొట్టె

ఇచ్చోడలోని చిన్న క్లినిక్‌లో బరువు చూసుకొని, ఆమె డాక్టరమ్మ ఎదుట కూర్చుంది.

"ఏడాదిసంది గోలీలు మింగుతున్న మేడం. ఎంత తగ్గిన?"

"మూడు కిలోలు. రిపోర్టు నార్మల్ వచ్చింది. థైరాయిడ్‌తోని పెరిగిన బరువు అంతే."

"మరి మిగిలిన ఇరవై కిలోలు?"

"అది థైరాయిడ్‌ది కాదమ్మా. మెల్లగ తగ్గించుకోవాలె. గోలీ మాత్రం బంద్ చెయ్యకు."

"పూటకు రెండు జొన్నరొట్టెలే తింట మేడం."

"తెలుసమ్మా."

చీటీ మీద కదులుతున్న కలాన్ని చూసి ఆమె గొంతు తగ్గించింది.

"నార్మల్ అని రాయకుండ్రి మేడం. థైరాయిడ్ జర ఇంకా ఎక్కువనే ఉన్నదని రాయుండ్రి."

"అట్ల రాయరాదమ్మా. ఎందుకు?"

"ఇంతకుముందు మా అత్త నేను తిని బలిసిన్నని ఒక్క రొట్టెనే ఏసేది. రోగమని తెల్సినంకనే నా కంచంల రెండో రొట్టె ఏస్తుంది."